మీటరు వెనక నట్టు

జనగామ బస్టాండు ఎంత పెద్దదో నాకు ఆ సమ్మె రోజుల్లోనే తెలిసింది. బస్సులు, మూటలు, జామపండ్ల గంపలు, అరుపులు ఏవీ లేకపోయేసరికి పంట ఎత్తేసిన కళ్లంలా బోసిపోయింది. మా సీట్ల దుకాణం సరిగ్గా దానికి ఎదురుగా, రోడ్డుకు ఇవతల. అది రెండు వేల పదకొండో సంవత్సరం, ఇంకో పది రోజుల్లో బతుకమ్మ. తెలంగాణ ఇయ్యాలని బడులు, బస్సులు, ఆఫీసులు, బొగ్గు గనులు అన్నీ బందు పెట్టారు. మా కొడుకు ప్రకాశ్ బస్సు కండక్టరు. పొద్దున సమ్మె శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం నుంచి మా దుకాణం మెట్టు మీద కూర్చునేవాడు. పని చేసే మనిషి ఊరికే కూర్చుంటే ఇంట్లో ఎంత పరేషానో ఆ నెల అనుభవించిన ఆడవాళ్లను అడగండి. చాయ్‌లో చక్కెర ఎక్కువైందంటాడు, ఫ్యాను చప్పుడు చేస్తోందంటాడు. గనులు బందై కరెంటు రోజుకు ఆరు గంటలు పోతుంటే ఆ ఫ్యాను తిరిగిందే తక్కువ.

మా ఆయన పేరు బిక్షపతి. నలభై ఏళ్లుగా లారీలకు, జీపులకు, ట్రాక్టర్లకు సీట్లు కుట్టిన మనిషి. ఆ ఎండాకాలం ఒక పొద్దున చేతిలో చాయ్ గ్లాసు జారిపడింది. పక్షవాతమని దవాఖానలో ఐదు రోజులు ఉంచుకుని పంపారు. మూతి సర్దుకుంది, కాలు సర్దుకుంది, కుడిచేతి మూడు వేళ్లు మాత్రం సర్దుకోలేదు. వాటికి వేడి తెలియదు, చల్లన తెలియదు, పట్టుకున్నది ఉందో జారిందో తెలియదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. చాయ్ గ్లాసు ఎడమచేతికి మారిందని నేనే చూశాను. చూసి ఊరుకున్నాను.

ప్రకాశ్ కూడా ఏదో కనిపెట్టాడు. దుకాణం రంజిత్ అనే పిల్లవాడికి మొబైల్ షాపు కోసం ఇచ్చేద్దామని పోరు పెట్టాడు. బాపు ఇంక ఇంటి పట్టున ఉండాలని వాడి ఆలోచన. చెడ్డ ఆలోచన అని నేననను. కానీ మా ఆయన ఇంటి పట్టున ఉన్న ఆ మూడు నెలలు నేను చూశాను కదా. గోడకు ఆనుకుని కూర్చుని, దండెం మీద చీర కుట్లు సరిగ్గా ఉన్నాయా లేవా అని చూసేవాడు.

మాన్‌సింగ్ వచ్చింది సమ్మె మొదలైన వారానికి. నర్మెట్ట దగ్గర తండా వాళ్లది. భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు, గని బందయ్యేసరికి ఇంటికి వచ్చాడు. వాళ్ల బాపు జాల్యా ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్న జీపు వేసుకుని మా దుకాణం ముందు ఆపాడు. దాని వయసు మా ప్రకాశ్ కంటే ఎక్కువ. ముందు అద్దం కింద, మీటర్ల పైన, ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడుగాటి దిండు లాంటిది ఒకటి ఉంది. ప్యాడు అంటారు. అడుగున ఇనుప రేకు, రేకు మీద స్పాంజి, దాని మీద రెగ్జిన్ తొడుగు. ఎండీ ఎండీ ఆ తొడుగు నెర్రెలు బారింది. స్పాంజి పొడి పొడిగా రాలిపోయింది. ఎడమ పక్కన రేకు అంచు కత్తిలా బయటికి వచ్చింది. నాలుగు రోజుల కింద బర్రె అడ్డం వస్తే బ్రేకు కొట్టాడట, పక్క సీటులో ఉన్న అతని భార్య భూలక్ష్మి నొసలు పోయి ఆ అంచుకు తగిలింది. మూడు కుట్లు.

భూలక్ష్మి బండి వెనక కూర్చుని ఉంది. దిగలేదు. నొసటి మీద తెల్ల పట్టీ, చేతుల నిండా గాజులు, మొహం నిండా కోపం.

"ముందట కూసో అంటే కూసుంటలేదక్కా. మేకలెక్క ఎనకనే కూసుంటున్నది," అని మాన్‌సింగ్ నాతో చెప్పుకున్నాడు.

భూలక్ష్మి వాళ్ల భాషలో ఏదో అంది. నాకు ఆ భాష రాదు కానీ, మొగుణ్ని తిట్టే తిట్టు ఏ భాషలోనైనా తెలుస్తుంది.

మా ఆయన లేచి వెళ్లి ఆ ప్యాడు మీద ఎడమచెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొసకు తడిమాడు. మూడు నెలల తర్వాత ఆయన మొహంలో అట్లాంటి వెలుగు చూశాను. ఎప్పటికి కావాలని అడిగాడు.

"సమ్మె ఎన్నడు ఇడుస్తరో నాకేం ఎరుకన్నా. ఇడిసిన మర్నాడు నేను డ్యూటీల ఉండాలె. గప్పటికి అయితే చాలు."

ఇట్లాంటి గడువు నేను జన్మలో వినలేదు. రేపైనా కావచ్చు, ఏడాదికైనా కావచ్చు. జీపు మా దగ్గరే వదిలిపెట్టి, ఇద్దరూ ఒక ట్రాక్టరు ఎక్కి తండాకు వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లగానే ప్రకాశ్ మొదలుపెట్టాడు. చేతగాని పని ఎందుకు ఒప్పుకున్నావని, రంజిత్‌కు దసరా తర్వాత తాళం చెవులు ఇస్తానని మాట ఇచ్చానని. మా ఆయన తాళం చెవుల గుత్తి మొలతాడు నుంచి విప్పి కుట్టుమిషన్ మీద పెట్టాడు.

"గీ ఒక్క పని చేస్త. మాన్‌సింగ్ పెండ్లాం ముందట సీట్ల కూసోని పోతే దుకాణం నాది. కూసోకపోతే గివి నువ్వే తీసుకో. మళ్ల నేను నోరెత్త."

అప్పటి నుంచి ఆ తాళం చెవులు మిషన్ మీదే ఉన్నాయి. రోజూ పొద్దున తడిగుడ్డతో మిషన్ తుడిచేటప్పుడు వాటి చుట్టూ తుడిచేదాన్ని, వాటిని కదిలించేదాన్ని కాదు.

ప్యాడు ఊడదీయడానికే మాకు నాలుగు రోజులు పట్టింది. ముందు అద్దం ఫ్రేము విప్పి బానెట్ మీదికి వాల్చాలి. అద్దం వాలితేనే ప్యాడు వెనక అంచు పైకి వస్తుంది. ఎడమ పక్క పట్టుకునే కడ్డీ విప్పాలి. ఆ తర్వాత అసలు పని. ప్యాడు కింది రేకుకు ఐదు బోల్టులు ఉన్నాయి, అవి ఇనుప డ్యాష్‌బోర్డు కన్నాల్లోంచి కిందికి దిగి ఉంటాయి. వాటి నట్లన్నీ అడుగు నుంచే. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, సామాను పెట్టుకునే అరలోంచి చెయ్యి పెడితే అందేవి రెండు. ఐదోది నడుమ, మీటరు వెనకాల, వైర్ల పొదలో. కంటికి కనిపించదు.

అన్నీ తుప్పు. మా ఆయన కిరోసిన్‌లో గుడ్డ ముంచి కట్టించాడు. మర్నాటికి కూడా కదలలేదు. ప్రకాశ్ పానాతో ఒత్తితే ఒక బోల్టు పుటుక్కున విరిగింది. దానికి వెల్డింగు కావాలి. వెల్డింగుకు కరెంటు కావాలి, కరెంటేమో పొద్దున వస్తే మధ్యాహ్నానికి లేదు. వెల్డింగు మిస్త్రీ శిబిరంలో డప్పు కొడుతున్నాడు, వెళ్లి అడిగితే డప్పు ఆపి, సమ్మెలో పని అడుగుతావేందని మా ప్రకాశ్‌నే నలుగురిలో అడిగాడట. వాడు ఎర్రటి మొహంతో తిరిగొచ్చాడు. చివరికి ఆ మిస్త్రీయే పొద్దువాలే ముందు దొంగలా వచ్చి బోల్టు అతికించి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి పోయాడు.

నడిమి నట్టుకు పొడుగు పానా కింది నుంచి దూర్చి ప్రకాశ్ వెల్లకిలా పడుకుని తిప్పాడు. కళ్లల్లో తుప్పు పడింది. ఎట్లాగో ఊడింది. ప్యాడు పైకి లేపితే దాని కింద కందిరీగల మట్టి గూడు, ఒక పాత పిన్నీసు, జాల్యా ఎప్పుడో పోగొట్టుకున్న బీడీల కట్ట. ఆ రోజు ముగ్గురం కొంచెం నవ్వాం. ఆ నెలలో అంతకు మించి నవ్విన గుర్తు లేదు.

నేను బడికి రెండో తరగతి దాకా వెళ్లాను. నాకు వచ్చిన అసలు చదువు మా ఆయన దగ్గర నేర్చుకున్నదే. పెళ్లైన కొత్తలో దుకాణం పని ఇంటికి తెచ్చి నాతో చేతి కుట్లు వేయించేవాడు. అంచులు మడవడం, దబ్బనంతో లాగి ముడి వేయడం, మూల తిరిగే చోట కుట్లు దగ్గరగా పెట్టడం. ఎన్ని సీట్లకు నా కుట్లు పడ్డాయో లెక్క లేదు. అయితే దుకాణంలో మిషన్ దగ్గర నేనెన్నడూ కూర్చోలేదు, వచ్చిన బండి ఎక్కి ఎన్నడూ చెయ్యి పెట్టలేదు. పెట్టొద్దని ఎవరూ అనలేదు. అట్లా జరిగిపోయింది, అంతే.

ఆయన పాత తొడుగు కుట్లు విప్పి, దాన్ని కొత్త రెగ్జిన్ మీద పరిచి, సుద్దతో గీత గీసి కోశాడు. దుకాణంలో గోధుమరంగు రెగ్జిన్ ఆ ఒక్క ముక్కే ఉంది. కత్తెర ఎడమచేతిలో ఉంది. నేను పక్కనే ఉండి ఆ ముక్క కొసలు పట్టుకున్నాను. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. ఎండలో ఏళ్లు గడిపిన రెగ్జిన్ ముడుచుకుపోతుంది కాబట్టి పాత తొడుగు కొలత ఉన్నదున్నట్టు పెట్టి కోయొద్దు, చుట్టూ బొటనవేలి వెడల్పు ఎక్కువ వదలాలి. ఆయన వదల్లేదు. ధ్యాసంతా కత్తెర జారకుండా చూడడం మీదే ఉంది. నాకు కనిపించింది. నోటి దాకా వచ్చింది. కొడుకు మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు కదా, వాడి ముందు ఆయన తప్పు ఎట్లా చెప్పను? ఊరుకున్నాను.

నేను చెప్పి ఉంటే ఆ రెగ్జిన్ దక్కేది. ఇప్పటికీ ఆ మాట నన్ను గిచ్చుతుంది.

రెండు రోజులు కుట్టి, రేకు మీద కొత్త స్పాంజి అంటించి, తొడుగు తొడిగితే అంగుళం తక్కువ వచ్చింది. లాగితే మూల చిరిగింది. ఆయన దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తర్వాత అందరినీ తిట్టాడు. రెగ్జిన్ నాసిరకం అన్నాడు, అంటించే సొల్యూషన్ గట్టిపడిందన్నాడు, కరెంటును తిట్టాడు, నేను కొసలు సరిగ్గా పట్టలేదన్నాడు. అవునని ఒప్పుకున్నాను. ప్రకాశ్ మిషన్ మీది తాళం చెవుల వంక ఒక్కసారి చూసి లేచి వెళ్లిపోయాడు. వాడు ఏదైనా అని ఉంటేనే బాగుండేది.

హైదరాబాదు నుంచి సరుకు రావడం లేదు. రైళ్లు కూడా పట్టాల మీద ఆపుతున్నారు. మానుకోటలో ఆయనకు తెలిసిన ఇంకో సీట్ల దుకాణం ఉంది. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. ఫోన్ చేస్తే, రంగు కొద్దిగా లేతగా ఉంటుంది, వచ్చి తీసుకుపొమ్మన్నారు. ఎవరు వెళ్తారు, ఎట్లా వెళ్తారు? మర్నాడు పొద్దున ప్రకాశ్ ఏమీ చెప్పకుండా బండికి కిక్కు కొట్టాడు. ఎక్కడికని అడిగితే, తెచ్చి బాపు మొహాన కొడతా, అప్పుడైనా ఈ పని చేతకాదని ఒప్పుకుంటాడేమో అన్నాడు.

పొద్దున ఏడింటికి వెళ్లినవాడు చీకటి పడుతుండగా వచ్చాడు. రోడ్డు పొడుగునా జనం. అప్పట్లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండి అక్కడే తినేవాళ్లు, వంటావార్పు అని. పాలకుర్తిలో ఆపి కూర్చోబెట్టి అన్నం పెట్టారట. తిన్నాక వదిలారట. తొర్రూరులో మళ్లీ ఆపారు. నేను తిని వస్తున్నాను అంటే, అక్కడి అన్నం తెలంగాణ అన్నం, ఇక్కడిది కాదా అని కూర్చోబెట్టారట. నెల్లికుదురులో మూడోసారి. వచ్చేటప్పుడు మళ్లీ అవే ఊళ్లు. రెగ్జిన్ చుట్ట వీపుకు కట్టుకుని ఇంట్లోకి వచ్చినవాడు నడుము పట్టుకుని అరుగు మీద వాలిపోయాడు.

"అవ్వా, నాలుగు దినాలు నా ముందల అన్నం మాట తియ్యకు," అన్నాడు.

తెచ్చింది మొహాన కొట్టలేదు. మిషన్ పక్కన మెల్లగా పెట్టి వెళ్లి పడుకున్నాడు.

ఈసారి నేను ముందే మాట్లాడాను. కంటికి పొర వచ్చినట్టుందేందయ్యా నీకు, నువ్వు గీత గియ్యి, నేను కోస్తానన్నాను. ఆయన కళ్లకు ఏ పొరా లేదు. ఆయన ఎడమచేత్తో సుద్ద గీశాడు, చుట్టూ బొటనవేలి వెడల్పు వదిలాడు, నేను కోశాను. కరెంటు లేదు కాబట్టి మిషన్ కాలితో తొక్కాలి, నీ కాలికి నొప్పి అని చెప్పి నేనే తొక్కాను. ఆయన కాలికి ఏ నొప్పీ లేదు. అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోయాను. ప్రకాశ్ మెట్టు మీద నుంచి వింటూనే ఉన్నాడు. మధ్యలో బతుకమ్మ వచ్చింది. ఆ ఏడు బస్సులు లేని బస్టాండులోనే ఆడాం. పండుగకని రెండు చేతులకూ డజను డజను ఆకుపచ్చ గాజులు వేయించుకున్నాను.

మాన్‌సింగ్ రెండు రోజులకోసారి ఎవరి బండి దొరికితే ఆ బండి మీద వచ్చి అయ్యిందా అని అడిగేవాడు. కాలేదని చెప్పడం నా వంతు. దసరా పోయింది. భూపాలపల్లిలో చర్చలు జరుగుతున్నాయని, గని రేపో మాపో తెరుస్తారని అన్నాడు. సమ్మె గెలవాలని శిబిరంలో పాటలు పాడే నేను, ఇంటికొచ్చి ఇంకో వారం సాగితే బాగుండు అనుకున్నాను. దేవుడు ఏ మాట వినాలో తెలియక తికమక పడి ఉంటాడు.

తొడుగు ఈసారి కుదిరింది. ఎడమ మూలలో ఒక కుట్టు వంకర పోయింది, అది నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు. ప్యాడు పైనుంచి దించాం. ఐదు బోల్టులూ ఐదు కన్నాల్లో దిగాయి. నాలుగు నట్లు ప్రకాశ్ ఎక్కించాడు. మిగిలింది నడిమిది, మీటరు వెనకది. అది బిగిస్తేనే ప్యాడు నడుమ అణిగి కూర్చుంటుంది, లేకపోతే దిండులా ఉబ్బి అద్దం ఫ్రేమును కూర్చోనివ్వదు.

నట్టు విప్పడానికి పానా చాలు. ఎక్కించడానికి వేలి కొసలు కావాలి. మొదటి మర పడేదాకా వేళ్లతోనే తిప్పాలి. మీటరు ఊడదీద్దామంటే దాని వైర్లు ముట్టుకుంటే విరిగేట్టు ఉన్నాయి. ప్రకాశ్ చెయ్యి మణికట్టు దాకా కూడా పోలేదు. పానాలో గ్రీజు పెట్టి నట్టును అతికించి చూశాడు, వైర్లు తగిలి పడిపోయింది. అది కుడిచేతికే వీలయ్యే సందు. మా ఆయన వాణ్ని లెమ్మన్నాడు. జబ్బు తర్వాత చెయ్యి చిక్కిపోయింది కదా, ఆయనది లోపలికి పోయింది. మోచేతి దాకా పోయింది.

నట్టు కింద రేకు మీద పడి ఠంగుమంది. మళ్లీ తీసి ఇచ్చాను. మళ్లీ ఠంగుమంది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాడు. ఎండ మెట్టు దాటి లోపలికి వచ్చింది. నట్టు వేళ్ల మధ్య ఉందనుకుని ఆయన తిప్పుతున్నాడు, అది ఎప్పుడో వైర్ల మీదుగా చప్పుడు లేకుండా జారి బయట నా కాళ్ల దగ్గర పడి ఉంది. ఖాళీ వేళ్లు తిప్పుతూనే ఉన్నాడు. నేను ఆ నట్టును కాలి కింద దాచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు. ప్రకాశ్ నా కాలు చూశాడు, వాళ్ల బాపు చెయ్యి చూశాడు, మొహం తిప్పుకున్నాడు.

"జర నేను చూస్తనయ్యా," అన్నాను.

ఈసారి చెప్పడానికి నా దగ్గర ఏ అబద్ధమూ లేదు. ఆయన చెయ్యి బయటికి తీశాడు. ఆ మూడు వేళ్ల మీద గీరుకుపోయి రెండు చోట్ల నెత్తురు. ఆ సంగతి కూడా ఆయనకు తెలియలేదు.

నేను జీపు ఎక్కాను. నలభై ఏళ్లలో మొదటిసారి దుకాణానికి వచ్చిన బండి ఎక్కాను. కింద వంగి కుడిచెయ్యి దూర్చాను. చెయ్యి పోతోంది కానీ గాజులు వైర్లకు తట్టుకున్నాయి. పైకి తోసుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ జారి తట్టుకున్నాయి. ఒకటి చిట్లింది.

"తియ్యి," అన్నాడు మా ఆయన.

నేను వినిపించనట్టు చిట్లిన ముక్కలు ఏరుతూ కూర్చున్నాను. మా వైపు గాజులు మార్చుకునేటప్పుడు కూడా చెయ్యి ఖాళీగా ఉంచరు. కొత్తది ఎక్కేదాకా పాతది ఒకటి ఉంచుతారు. భర్త ఉన్న ఆడదాని చెయ్యి ఒక్క క్షణం కూడా బోసిగా ఉండొద్దు. అందులోనూ ఎండాకాలం దవాఖానలో ఐదు రోజులు చేతి గాజులనే పట్టుకుని కూర్చున్నదాన్ని నేను.

"నువ్వు గట్ల కూసోనుండంగ నన్ను గాజులు తియ్యమంటవా?"

ఆయన మిషన్ దగ్గరికి వెళ్లి, సీట్లు కుట్టే నల్ల నైలాన్ దారం జానెడు లాగి, పళ్లతో తెంపాడు. నా కుడిచెయ్యి తీసుకుని మణికట్టుకు చుట్టాడు. ముడి వేయబోయాడు. ఎడమచెయ్యి వేస్తోంది, కుడిచేతి వేళ్లు దారం కొస పట్టుకోవడం లేదు. రెండుసార్లు జారింది. మూడోసారి ఆ కొసను పళ్లతో పట్టుకుని ముడి లాగాడు. ఆయన తల నా చేతి మీద వంగి ఉంది. మెట్టు మీద నుంచి ప్రకాశ్ లేచి నిలబడ్డాడు.

తల ఎత్తకుండానే కొడుకుతో చెప్పాడు.

"నా ఏళ్లకు తెలుస్తలేదురా. ఎండకాలం నుంచి."

ప్రకాశ్ కిందికి వంగి నేను కాలి కింద దాచిన నట్టు తీసి, తన చొక్కాకు తుడిచి, నాకిచ్చాడు.

దారం ఉందన్న ధైర్యంతో కుడిచేతి గాజులు ఒక్కొక్కటీ తీశాను. ప్రకాశ్ వాటిని పాత నట్లు వేసే రేకు డబ్బాలో పెట్టాడు. చెయ్యి మళ్లీ దూర్చాను. లోపల నాకేమీ కనిపించదు. మా ఆయన నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెప్తూ పోయాడు. ముందు వెడల్పు వైరు తగుల్తది, దాని ఎనక నుంచి పో. గిప్పుడు సన్న కన్నం అంచు తగుల్తున్నదా, దాంట్లకెల్లి దిగిన బోల్టు మొన. నట్టు నిటారుగా పట్టు. ముందు ఎడమకు తిప్పు, మర కుదురుకున్నట్టు చిన్నగ కొట్టుకుంటది, గప్పుడు కుడికి. ఆ చోటంతా ఆయన కళ్లలో ఉంది. నట్టు నా వేళ్ల కొసల్లో ఉంది. చిన్నగా కొట్టుకుంది. కుడికి తిప్పాను. పట్టింది.

పట్టిందని చెప్తే ఆయన నమ్మలేదు. ఇంకో రెండు చుట్లు తిప్పమన్నాడు. తిప్పాక, చెయ్యి తియ్యి చూద్దాం అన్నాడు. తీశాను. ముగ్గురం చెవులు పెట్టి కూర్చున్నాం. ఏమీ పడలేదు.

ఎక్కిన నట్టును ప్రకాశ్ పొడుగు పానాతో బిగించాడు. మెల్లగా, మెల్లగా అని మా ఆయన తిడుతూనే ఉన్నాడు. ప్యాడు నడుమ అణిగి కూర్చుంది. అద్దం పైకి లేపి బిగించాం. నట్టు వదులైతే మళ్లీ చెయ్యి పెట్టాల్సి వస్తుందేమోనని గాజులు డబ్బాలోనే ఉంచాను.

నాలుగో రోజు మాన్‌సింగ్ వచ్చాడు, భూలక్ష్మితో కలిసి. గనుల సమ్మె విడిచారట, మర్నాడే డ్యూటీలో ఉండాలట. తెలంగాణ రాలేదు కదా, ఎట్లా విడిచారని మా ప్రకాశ్ అడిగితే, ఆ మాట నన్నడుగుతావా అని విసుక్కున్నాడు. ఆ రోజు ఎవరి మొహమూ బాగా లేదు. మా డిపోలో అప్పటికే బస్సులు కదులుతున్నాయి. అన్ని రోజుల తర్వాత కూడా చేతికి ఏమీ రాలేదని అందరికీ కడుపులో మంట.

భూలక్ష్మి జీపు చుట్టూ తిరిగింది. ఎడమ పక్కన ఆగి, ప్యాడు అంచు మీద వేలు పెట్టి నొక్కింది. ఆ వంకర కుట్టు దగ్గర వేలు ఆగింది. మా ఆయన స్టూలు మీద ముందుకు వంగాడు. ఆమె ఆ కుట్టు మీద వేలితో రెండుసార్లు గీసి, నా వైపు తిరిగి, నా కుడిచెయ్యి చూసి ఉలిక్కిపడింది. వెంటనే మా ఆయన వంక చూసింది. ఆయన స్టూలు మీద బతికే ఉన్నాడు.

"చెయ్యి గిట్లున్నదేందక్కా?"

"లోపటికి పోతలేదు భూలక్ష్మీ. గాజులుంటే నట్టు ఎక్కుతలేదు."

ఆమె మళ్లీ ప్యాడు వంక చూసింది. ఎవరు కుట్టారో తెలిసిపోయినట్టు తలాడించింది. తర్వాత మొగుడితో వాళ్ల భాషలో ఏదో గట్టిగా అంది. ఏమందని అడిగితే మాన్‌సింగ్ నవ్వాడు. ఇంకోసారి బ్రేకు కొడితే నీ తల దీనికి పెట్టి కొడతా అందట.

అని, ముందు సీటులో ఎక్కి కూర్చుంది.

జీపు హన్మకొండ రోడ్డు ఎక్కి మలుపు తిరిగేదాకా మా ఆయన చూశాడు. ప్రకాశ్ మిషన్ దగ్గరికి వెళ్లి తాళం చెవులు తీశాడు. వాడు వాటిని వాళ్ల బాపు ముందు పెట్టి, డ్యూటీకి టైమైందని బస్టాండు వైపు వెళ్లిపోయాడు. రంజిత్‌కు తర్వాత దుకాణంలో ముందు సగం ఇచ్చాం. వెనక సగం మాకు చాలు.

నేను రేకు డబ్బా తెచ్చుకుని గాజులు తీసుకోబోయాను. తుప్పు నట్ల మధ్య ఆకుపచ్చగా ఉన్నాయి.

"ఉండనియ్యే," అన్నాడు మా ఆయన. "రేపు మళ్ల తియ్యాలె గద."

ఆ మర్నాడు ఒక ట్రాక్టరు సీటు వచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు, నేను మిషన్ మీద. ఆ రోజు నుంచి నా ఎడమచేతికి గాజులు, కుడిచేతికి నల్ల దారం. వాడలో ఆడవాళ్లు నోటికొచ్చినట్టు అన్నారు, సారక్కనైన నన్ను ఒంటిచేతి సారక్కను చేశారు. దారం పాతబడి పోగులు లేచినప్పుడల్లా ఆయనే రీలులోంచి జానెడు లాగి, ఒక కొస పళ్లతో పట్టుకుని, కొత్తది ముడి వేసేవాడు. కుట్టు వంకర పోయిందని తిట్టడం మాత్రం ఒక్క రోజూ మానలేదు. నాలుగేళ్లు అట్లా గడిచాయి. మధ్యలో రాష్ట్రమూ వచ్చింది.

ఆయన పోయిన పదో రోజు నన్ను పీట మీద కూర్చోబెట్టి, భర్తలు పోయిన పెద్దవాళ్లు చుట్టూ చేరారు. ఎడమచేతి గాజులు తీశారు. తర్వాత కుడిచెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. అక్కడ వాళ్లకు పని దారం తప్ప ఏమీ కనిపించలేదు. తీయడానికి ఏమీ లేదనుకుని ఆ చెయ్యి నా ఒళ్లో పెట్టేశారు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.